తీగకు గుచ్చిన సగం మాట

తెలుగిళ్లలో ఉత్తరాలు దాచుకునే పద్ధతి ఒకటుండేది. ఇనప తీగకు అడుగున ఒక చెక్క బిళ్ల, పై కొసన కొక్కెం; దాన్ని గోడ మేకుకు తగిలించేవారు. కార్డు వచ్చిందంటే చదవడం, తీగకు గుచ్చెయ్యడం. అడుగున పాతది, పైన కొత్తది. ఎవరూ సర్దకపోయినా తేదీల వరస చెదిరేది కాదు. 14 సెంటీమీటర్ల పొడవూ 9 సెంటీమీటర్ల వెడల్పూ ఉన్న ఆ ముక్కకు నడిమధ్య ఒక చిల్లు పడేది. ఏళ్లు గడిచేకొద్దీ చిల్లు చుట్టూ తుప్పు మరక పాకేది. పంపిన సొమ్ము ఇరవయ్యా ముప్పయ్యా అన్నది ఒక్కోసారి ఆ తుప్పులోనే కలిసిపోయేది. ఇల్లు మారినప్పుడు తీగలోంచి కార్డులు లాగి ట్రంకు పెట్టెలో పడేస్తారు. వరస అక్కడే చెడుతుంది. మరోసారి మారినప్పుడు పెట్టె బరువనిపిస్తుంది. కంపెనీ క్వార్టరులో బతికి, రిటైరయ్యాక అది ఖాళీ చెయ్యాల్సిన ఊళ్లో ఈ రెండో ఘట్టం తప్పించుకోవడం కష్టం.

భిలాయి అలాంటి ఊరు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి దుర్గ్ పక్కన ఉక్కు కర్మాగారం పని మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మట్టి మొయ్యడానికీ, ఇనుము బిగించడానికీ, ఆ తర్వాత పర్మినెంటు కొలువులకూ వచ్చినవాళ్లలో ఉత్తరాంధ్రవాళ్లు చాలామంది. విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం అప్పటికే ఉంది. మనిషి రైలెక్కి వచ్చాడు, అతని వెనక మాట కార్డెక్కి తిరిగింది. కర్మాగారం చరిత్ర టన్నుల్లో దొరుకుతుంది: మొదట ఏటా 10 లక్షల టన్నులు, తర్వాత 25 లక్షలు, ఆపైన 40 లక్షలు. ఆ టన్నులు తీసిన మనిషి ఇంటికి ఏం రాశాడో, ఇంటివాళ్లు ఏమని జవాబిచ్చారో మాత్రం తీగల మీదా పెట్టెల్లోనూ ఉంది, అదీ ఇంకా ఉంటే. ఆ కార్డుల్ని పోగుచేసి, స్కాన్ చేసి, ఎవరైనా వెతుక్కునేలా ఒక డిజిటల్ ఆర్కైవు కట్టాలా? కట్టాలనే నా పక్షం. కానీ ఎదుటి పక్షం వట్టి మొండితనం కాదు కనక, దానికి చోటిస్తూ ఈ సంవాదం. బాబాయి ప్లాంటులో రైల్ మిల్లు నుంచి రిటైరైన మనిషి. అమ్మాయి లైబ్రరీ సైన్సు చదువుకున్నది. ఇద్దరూ కల్పితులే. వాళ్ల మాటలు మాత్రం ఇలాంటి పని తలపెట్టిన ఏ ఊళ్లోనైనా లేచేవే.

బాబాయి: నీ ఉద్దేశం మంచిదే గానీ తల్లీ, ఆ కార్డుల్లో ఏముందని? పైన శ్రీరామ. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను, ఉభయకుశలోపరి. తర్వాత పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. మనియార్డరు చేశాను, అందినట్టు రాయండి. సెలవు దొరికితే పండక్కి వస్తాను. వెంటనే జవాబు రాయవలెను. ఇంతే కదా. వెయ్యి కార్డులు చదివినా తొమ్మిది వందలు ఇలాగే ఉంటాయి. గాంధీగారు కార్డు ముక్క రాస్తే దాచారంటే అర్థముంది; ఆయన రచనలు నూరు సంపుటాలై కూర్చున్నాయి. కోక్ ఓవెన్ దగ్గర ఎండిపోయిన మనిషి, పెదాలకొచ్చిన నాలుగు ముక్కలు మూసపోసినట్టు రాసి పడేస్తే, దాన్ని వెతకడానికి ఒక యంత్రమా? పెట్టె తెరిచి రెండు చదివితే మిగతావన్నీ చదివినట్టే.

అమ్మాయి: మూసే, కాదనను బాబాయ్. అమెరికా వలసపోయిన పోలండు రైతుల ఉత్తరాలు పోగుచేసి, థామస్, జ్నానియెట్స్కీ అనే ఇద్దరు పండితులు 1918లో ఒక పెద్ద పుస్తకం మొదలుపెట్టారు. ఆ ఉత్తరాలూ ఇంతే: దేవుడికి స్తుతి, క్షేమం, పేరుపేరునా నమస్కారాలు. వాటికి వాళ్లు నమస్కారపు ఉత్తరాలనే పేరే పెట్టారు. దూరమైపోయినా నేను ఈ ఇంటివాణ్ణే అని చెప్పడమే ఆ ఉత్తరం పని, మూస అందుకే ఉంది అన్నారు. మనదీ అదే. మూస ఉంది కనకే అది ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. నమస్కారాల వరసలో ఎవరు ముందు, ఎవరు వెనక, ఏ ఏడాది నుంచి ఎవరి పేరు జారిపోయింది? ఒక్క కార్డులో ఇది కనపడదు, రెండొందలు వరసపెడితే కనపడుతుంది. ఇంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. మీ దగ్గరున్న కార్డులు మీకు వచ్చినవి. మీరు రాసినవి మీ దగ్గర లేవు, పార్వతీపురం అవతల ఏ అటక మీదో ఉన్నాయి. ఇంటి కప్పు మార్పించాలి, ఎంత పంపగలవు అన్న ప్రశ్న ఇక్కడుంది. పంపగలిగిందెంతో, పంపలేనందుకు చెప్పిన సాకేమిటో అక్కడుంది. ఏ పెట్టె తెరిచినా దొరికేది సగం మాటే. రెండు సగాలు రెండు రాష్ట్రాల్లో, ఒకరినొకరు ఎరగని మనవల చేతుల్లో ఉన్నాయి. ఎంత ఓపిగ్గా చదివినా ఒక పెట్టెలోంచి రెండో సగం పుట్టదు. వెతకగలిగే ఆర్కైవు అంటే ఆ రెండు సగాల్నీ పక్కపక్కన పెట్టగలగడం.

బాబాయి: అయితే నా భయం అక్కడే మొదలు. సగం ఉన్నంతకాలం గుట్టూ సగమే. రెండూ కలిపి పెట్టావంటే కుటుంబాన్ని నడివీధిలో నిలబెట్టినట్టే. అప్పు తీర్చలేక పొలం తాకట్టు పెట్టిన సంగతి ఒక కార్డులో ఉంటుంది. కోడలు పుట్టింటి నుంచి రానన్న సంగతి ఇంకోదాన్లో. ఎవరికో ఛాతీ జబ్బు, ఎవరిదో దాయాదుల తగువు. పేర్లు కొట్టేస్తామంటావు. పేరక్కర్లేదమ్మా. ఇంటిపేరు, ఊరు, ప్లాంటులో ఏ డిపార్టుమెంటు. మా వైపు మనిషిని పట్టుకోడానికి ఈ మూడూ చాలు. కులం కూడా వాటిలోనే తెలిసిపోతుంది. రేపు ఒక సంబంధం చూసేవాడు ఫోన్లో ఆ ఇంటిపేరు కొడతాడు. తాత జబ్బు తేలుతుంది, ముత్తాత బాకీ తేలుతుంది. అటక మీది కార్డు ఎవరి కొంపా ముంచలేదు. దాన్ని వెతికేలా చేసినవాడిదే ఆ పాపం.

అమ్మాయి: కార్డు మొదట్నుంచీ తెరిచిన కాగితమే కదా బాబాయ్. రాసినవాడికి తెలుసు, పోస్టుమాను చదువుతాడని, ఇచ్చేటప్పుడు వీధరుగు మీద నలుగురూ వింటారని. నిజంగా గుట్టు మాటయితే ఇన్‌లాండు లెటరు ఉంది, కవరు ఉంది. కార్డు మీద రాయదలిచినవాడు ఆచితూచే రాశాడు. పొలం సంగతి పెద్దాయన చెబుతాడు, తెలిసిన విషయమే, వచ్చాక మాట్లాడదాం అంటూ ముసుగు వేసి రాసినవి ఎన్ని లేవు? నలుగురిలో పడుతుందని తెలిసి రాసిన మాటను నలుగురికీ చూపితే నమ్మకద్రోహం ఎలా అవుతుంది?

బాబాయి: తెరిచి రాశాడు సరే, ఎందుకు తెరిచి రాశాడు? చవక కనక. 1879 జూలై 1న ఈ దేశంలో కార్డు కాలణాకు మొదలైంది. అప్పట్నుంచీ చవకే దాని గుణం, ఇవాళ్టికీ అర్ధరూపాయే. కవరు కొనగలిగినవాడు గుట్టు దాచుకున్నాడు, కొనలేనివాడు కార్డు రాశాడు. నువ్వేమో కార్డు రాశాడు కనక దాచుకోవాలనుకోలేదంటున్నావు. ఇంకో మాట. పోస్టుమాను చదివాడంటే ఊరు చదివినట్టే, ఒప్పుకుంటా. కానీ చదివిన ఊరు మర్నాడు ఆ ఇంటికొచ్చి పలకరించింది, అప్పిచ్చింది, పదేళ్లకు మర్చిపోయింది. నీ యంత్రం పలకరించదు, మర్చిపోదు. ఊరికి తెలియడమూ లోకానికి దొరకడమూ ఒకటేనా?

అమ్మాయి: ఆ మాట తీసుకుంటున్నాను. చవక కాగితం మీద రాశాడు కనక మాట అందరిదీ అనడం పేదవాడి మీద రెండోసారి పన్ను వెయ్యడమే. అయితే ఆర్కైవు ఉండటం వేరు, పేరుతో వెతకగలగడం వేరు. ఈ తేడా మనం కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు. స్పెయిన్‌లో ఒక పత్రిక 1998లో, బాకీ కింద ఒకతని ఆస్తి వేలానికి వచ్చిందని ప్రకటన వేసింది. పాత సంచికలు డిజిటల్ అయ్యాక, బాకీ తీరిపోయి ఏళ్లు గడిచినా, అతని పేరు కొడితే ఆ వేలం ప్రకటనే మొదట వచ్చేది. 2014లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఏం చెప్పిందంటే, పత్రిక పుట అక్కడే ఉండొచ్చు, పేరు కొట్టినప్పుడు ఆ పుటకు పోయే దారిని మాత్రం సెర్చి ఇంజిను తీసెయ్యాలి అని. పుట నిలిచింది, దారి మూసుకుంది. మన సుప్రీంకోర్టు 2017లో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పరిశోధనకూ ఆర్కైవులకూ చోటు ఉంచింది, ఆ సమాచారంతో ఒక ఫలానా మనిషి మీద నిర్ణయాలు తీసుకోకూడదన్న షరతుతో. దీన్నిబట్టి మన నియమం ఇలా ఉండాలి. ఊరు, ఏడాది, తపాలా ముద్ర, విషయం ఇవి అందరికీ తెరవాలి. బియ్యం ధర, బోనసు, నైట్ షిఫ్టు, పండగ ప్రయాణం అని వెతికితే దొరకాలి. పేరు, ఇంటిపేరు, డిపార్టుమెంటు, క్వార్టరు నంబరు పైకి కనపడే ప్రతిలో ఉండకూడదు, వాటితో వెతకడానికీ వీలుండకూడదు. జబ్బు, అప్పు, కాపురం తగువు ఉన్న కార్డు ఆ ఇంటివాళ్లు సరేనన్నదాకా బయటికే రాకూడదు.

బాబాయి: బాగుంది. మరి పేరు తలుపు మూసేస్తే, నువ్వు గొప్పగా చెప్పిన ఆ రెండు సగాలూ ఎలా కలుస్తాయి? ఈ కార్డుకి జవాబు ఆ కార్డేనని పేరు లేకుండా ఏ యంత్రం చెబుతుంది? నీ ఆర్కైవు చెయ్యాల్సిన అసలు పనిని నీ నియమమే అడ్డుకుంటోంది.

అమ్మాయి: అడ్డుకోదు, నిదానిస్తుంది. పేర్లు చెరిపెయ్యం, లోపలి పట్టీలో ఉంచుతాం. అక్కడి పార్వతీపురం కార్డూ ఇక్కడి టౌన్‌షిప్పు సెక్టార్లలోని కార్డూ ఒక జతలా కనపడితే, ముందు ఆ సంగతి రెండు ఇళ్లవాళ్లకే చెప్పాలి. సంబంధాలు కుదిర్చే పెద్దమనిషి ఎలా చేస్తాడు? రెండు ఇళ్ల సంగతీ అతనికి తెలుసు, ఒకరిది ఒకరికి చెప్పేది ఇద్దరూ సరేనన్నాకే. ఆర్కైవు ఆ పెద్దమనిషిలా ఉండాలి. ఒక ఇల్లు వద్దంటే జత పడదు, సగం సగంగానే ఉంటుంది. అలా కొన్ని మాటలు ఎప్పటికీ అతక్కపోవచ్చు. అది నష్టమే, కానీ తెలిసి పడే నష్టం.

బాబాయి: సరే, నియమాలు రాసుకున్నావు. చదివేదెవరు? మా కాలంలో కరణాల దగ్గర చదువుకున్నవాళ్ల రాత చూశావా? గొలుసుకట్టు. కలం ఎత్తకుండా పోతుంది, తలకట్టూ గుడీ ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. అరసున్న ఉంటుంది, వలపలగిలక ఉంటుంది. చోటు చాలక అంచుల వెంట తిప్పి నిలువుగా రాస్తారు, చిరునామా పక్కన మిగిలిన బెత్తెడులోనూ ఇరికిస్తారు. పెన్సిలు రాత చెరిగిపోయి ఉంటుంది. దీన్ని యంత్రానికిస్తే అప్పు అన్నది అప్ప అవుతుంది, ఆవు అమ్మాను అన్నది అమ్మను అవుతుంది. తప్పు చదవడం ఒక ఎత్తు. చదవలేకపోయిన కార్డు వెతుకులాటలో అసలు రాకపోవడం ఇంకో ఎత్తు. దొరకలేదు అంటే లేదు అనుకునే కాలమిది. పెట్టెలో వెతికినవాడికి కనీసం తాను ఎంత చదవలేదో తెలుస్తుంది.

అమ్మాయి: అందుకే యంత్రంతో మొదలుపెట్టకూడదు, కార్డు తనంతట తాను చెప్పేవాటితో మొదలుపెట్టాలి. ఒక కార్డు పట్టుకుందాం. లోపల తేదీ విశ్వావసు కార్తీకం అని మాత్రమే ఉంది. విశ్వావసు 1905లో వచ్చింది, 1965లో వచ్చింది, 2025లోనూ వచ్చింది. భిలాయి మాట ఉంది కనక 1905 కాదు. అచ్చు బిళ్ల మీద ధర నయాపైసల్లో ఉందంటే 1957 ఏప్రిల్ తర్వాతి కార్డు. చిరునామాలో పిన్ ఉందంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. లేనంతమాత్రాన ముందుదని తేలదు. తపాలా ముద్ర సగం పడ్డా చాలు, 1965 తేలిపోతుంది. ఇక ఊరు. పార్వతీపురం 1950 నుంచి శ్రీకాకుళం జిల్లాలో ఉంది, 1979 జూన్‌లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది, 2022లో తన పేరు మీదే మన్యం జిల్లా అయింది. భిలాయి అప్పుడు మధ్యప్రదేశ్, 2000 నవంబరు నుంచి ఛత్తీస్‌గఢ్. నేటి జిల్లా పేరుతో వెతికినవాడికి నాటి కార్డు దొరకాలంటే, ఊరికి కాలాన్నిబట్టి పేర్ల పట్టీ ఉండాలి. అలాగే భిలాయి, భిలాయ్, బిలాయి, భిలై అని నాలుగు రకాలుగా రాసింది ఒకే ఊరు; క్వార్టరు, కోటరు ఒకే ఇల్లు. ఏది కొట్టినా అన్నీ రావాలి, కార్డు మీద ఉన్న రాతను మాత్రం దిద్దకూడదు. ఇదంతా మనుషులు చెయ్యగల పని. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలు అలాగే తయారవుతున్నాయి: ఒకరు దిద్దిన పుట పసుపు రంగులో ఉంటుంది, రెండోవారు సరిచూస్తేనే ఆకుపచ్చ అవుతుంది. లండన్‌లో తత్వవేత్త బెంథామ్ రాతప్రతుల్ని 2010 నుంచి ఔత్సాహికుల చేత చదివించారు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు తెలుగు చేతిరాత పదాల నమూనాలు పోగుచేశారు. కానీ ఏ యంత్రమైనా మన గొలుసుకట్టు నేర్చుకోవాలంటే ముందు మనుషులు చదివిన కార్డులు దాని ముందు పెట్టాలి. అంటే మీలాంటివాళ్లు చదవాలి. ఇక మీరన్న అసలు ప్రమాదం. ప్రతి వెతుకులాట జవాబు కిందా ఇంతమేర చదివాం, ఇంకా ఇన్ని కార్డులు చదవాల్సి ఉంది అని ఉండాలి. యంత్రం చదివిందీ మనిషి చదివిందీ వేర్వేరుగా కనపడాలి. తీగ చిల్లు అక్షరాన్ని మింగితే అక్కడ చిల్లు గుర్తే పెట్టాలి, ఊహించి పూడ్చకూడదు.

బాబాయి: చదివినవాటి సంగతి చెప్పావు. అసలు మిగలనివాటి సంగతి? చావు కబురు తెచ్చిన కార్డును గుమ్మం దాటనిచ్చేవారు కాదు. బయటే చదివి, అక్కడే చింపి పారేసి, నీళ్లు పోసుకుని లోపలికొచ్చేవారు. నీ ఆర్కైవులో మరణం అని వెతికితే ఏమొస్తుంది? పుట్టుకలూ పెళ్లిళ్లూ పసుపు మరకలతో సహా వస్తాయి, చావులు రావు. ఎవరూ చనిపోని భిలాయి తయారవుతుంది. రాయడం రానివాళ్ల మాటేమిటి? పర్మినెంటు కానివాడు, ఠేకేదారు కింద పనిచేసి ఆ క్యాంపు నుంచి ఈ క్యాంపుకు తిరిగినవాడు ఏ గోడకు తీగ వేలాడదీశాడు? ఇక ఆడవాళ్లు. మా అమ్మల కాలంలో ఎంతమందికి అక్షరం వచ్చు? చివరికి నీ దగ్గర మిగిలేది అక్షరం వచ్చిన మగవాడి, అందులోనూ క్వార్టరున్నవాడి భిలాయి. అదే అసలు భిలాయి అని లోకం అనుకుంటుంది.

అమ్మాయి: ఇది మీరన్న అన్నిటిలోకీ బరువైన మాట. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లిన మన సిపాయిల ఉత్తరాలు చాలామటుకు మనకు మిగిలింది సెన్సారు అధికారులు ఇంగ్లీషులోకి తిప్పి ఎత్తిరాసుకున్న ముక్కలుగానే. చరిత్రకారులు వాటిని పారెయ్యలేదు. ఎవరు వడగట్టారో కూడా చెబుతూ చదివారు. మన కార్డుల్ని వడగట్టింది అశౌచం, క్వార్టరు, అక్షరం. ఆ సంగతి ఆర్కైవు మొదటి పుటలోనే రాయాలి. అంతకంటే ముఖ్యం, తీగ వరస చెదరకుండా స్కాన్ చెయ్యాలి. నెలకు రెండు కార్డులొచ్చే తీగ మీద ఒకచోట రెండు నెలలు ఏమీ లేదు, ఆ తర్వాతి కార్డులో కర్మ బాగా జరిగింది, సంవత్సరీకానికైనా రావలెను అని ఉందనుకోండి. చింపేసిన కార్డు ఆ ఖాళీలో ఉంది. విడివిడిగా స్కాన్ చేస్తే ఆ ఖాళీ కూడా పోతుంది. ఇక అక్షరం రానివాళ్లు. వాళ్ల మాట కార్డుల్లో లేకపోలేదు, ఇంకొకరి చేతిలోంచి వచ్చింది. తల్లి చెబుతుంటే బడికెళ్లే కుర్రాడు రాశాడు. వాడు బళ్లో నేర్చిన తెలుగులో తమ్ముడు వచ్చుచున్నాడు అని మొదలుపెడతాడు. రెండో వాక్యానికి ఆవిడ గొంతు వాణ్ణి దాటేస్తుంది: నాన్న ఎల్లిపోనాడు, గేదె ఈనీసింది. చిరునామా చూస్తే ఇంగ్లీషులో, మూడో చేతితో, బహుశా పోస్టాఫీసు గుమ్మంలో రాయించింది. ఒకే కార్డు మీద ముగ్గురు మనుషులు. ఆర్కైవు పట్టీలో పంపినవారు అని ఒకే గడి ఉంటే కుర్రాడే మిగులుతాడు. చెప్పింది ఎవరు, రాసింది ఎవరు, చిరునామా ఎవరిది అని మూడు గడులు పెడితే అమ్మ దొరుకుతుంది. ఎల్లిపోనాడును వెళ్లిపోయాడు అని దిద్దితే ఆవిడ మళ్లీ పోతుంది. ఠేకేదారు కూలీ మాత్రం ఇలా కూడా దొరకడు. అతని కోసం మిగిలినవాళ్లను అడిగి మాట రికార్డు చెయ్యాలి. కార్డులతో ఆ పని అవదు.

బాబాయి: ఒక్కటే మిగిలింది. ఇవన్నీ ఎవరివి, ఎవరు కాపలా? కార్డు అరవై ఏళ్లు తీగ మీద బతికింది, దానికి కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు. నీ వెబ్‌సైటు ఆరేళ్లు బతుకుతుందా? ఇవాళ ఉత్సాహంగా కట్టినవాడు రేపు అద్దె కట్టడం మానేస్తాడు. అప్పటికే స్కానయింది కదా అని ఇంటివాళ్లు అసలు కార్డుల్ని తగలేసి ఉంటారు.

అమ్మాయి: అందుకే అసలు కార్డు ఎవరింటిది వాళ్లింట్లోనే ఉండాలి, స్కాన్ అయిన మర్నాడే తిరిగి వెళ్లాలి. ఎవరివి అన్నదానికి న్యాయం పాతదే. 1741లో కవి పోప్ తన ఉత్తరాలు అచ్చువేసిన కర్ల్ అనే ప్రచురణకర్త మీద వేసిన కేసులో, కాగితం అందుకున్నవారిది, మాట రాసినవారిది అని ఇంగ్లండు కోర్టు విడదీసింది. మన 1957 కాపీరైట్ చట్టం కూడా మాట మీది హక్కును రాసినవారికీ, తర్వాత వారసులకూ ఇస్తుంది. కాబట్టి మీ పెట్టె మీరు ఇచ్చినా, ఆ మాటకు అవతలి ఇల్లూ సరేననాలి. చూశారా, చట్టం కూడా రెండు సగాల దగ్గరికే తెస్తోంది. కాపలా మాత్రం మూడు చోట్ల ఉండాలి: ఒక ప్రతి ఇక్కడ, ఒకటి ఉత్తరాంధ్రలో ఏదైనా గ్రంథాలయంలో, ఒకటి ఆ ఇంటివాళ్ల చేతిలో. వెబ్‌సైటు పోయినా బొమ్మలూ పట్టీలూ మామూలు ఫైళ్లుగా మిగిలి ఉండాలి. మొదట ఒక్క సెక్టారు, ఒక్క ఊరు చాలు. కార్డు రెండు వైపులా రంగుల్లో స్కాన్ చెయ్యాలి, చిల్లుతో తుప్పుతో సహా. డబ్బుకంటే తొందర ముఖ్యం, రిటైర్మెంటు తేదీలు మన కోసం ఆగవు.

వీళ్ల వాదం ఇంతటితో తెగదు గానీ ఎక్కడికి చేరిందో చూడవచ్చు. అమ్మాయి వచ్చేటప్పుడు తెచ్చిన ఆర్కైవు వేరు, వెళ్లేటప్పుడు పట్టుకెళ్లింది వేరు. కలపడమే దాని ప్రయోజనం అని ఆమె మొదలుపెట్టింది. కలపడమే దాని ప్రమాదం అని బాబాయి చూపించాడు. రెండూ నిజమే. అందువల్ల వెతకగలగడం అన్నది ఆర్కైవుకు చివర తగిలించే యంత్రం కాదు, దేన్ని ఎవరు ఏ దారిన చేరవచ్చు అని మొదటే తేల్చుకోవాల్సిన నియమం. కార్డుల్ని వద్దనుకుంటే భిలాయి తెలుగువారి గురించి మిగిలేవి టన్నులే. నియమం లేకుండా తెరిస్తే మిగిలేది పరువు తీసే పేర్ల పట్టీ. ఈ రెంటికీ మధ్య నడిచే దారి నిదానమైనది, ప్రతి జతకూ రెండు ఇళ్ల గుమ్మాలు ఎక్కాల్సినది. అంత నిదానంగానైనా ఇప్పుడే మొదలుపెట్టాలన్నది నా మాట, ఎందుకంటే చదవగలిగిన కళ్లూ కార్డులతో పాటే వెళ్లిపోతున్నాయి.

తపాలా శాఖ ఒకప్పుడు జవాబు కార్డు అమ్మేది. రెండు కార్డులు ఒకదానికొకటి అంటుకుని ఉండేవి. ఒకదాని మీద తన మాట రాసి, రెండోదాని మీద తన చిరునామా రాసి పంపేవారు. అందుకున్నవారు రెండోదాన్ని చింపి, జవాబు రాసి, పైసా ఖర్చు లేకుండా వెనక్కి వేసేవారు. అలా ఒక సగం అక్కడి తీగకూ, ఒక సగం ఇక్కడి తీగకూ చేరేది, రెంటికీ చింపిన అంచు ఒక్కటే. ఆ అంచుల్ని మళ్లీ పక్కపక్కన చేర్చడం ఇప్పుడు మన చేతిలో ఉన్న పని. అయితే దుడ్డు ముందే కట్టి పంపినా, జవాబు రాయాలా వద్దా అన్నది మాత్రం అప్పుడూ అందుకున్నవారి ఇష్టమే.